పైలట్ అవ్వాలంటే ముందు డిగ్రీ చెయ్యాలా?

ఈ ఎపిసోడ్ ఇంటర్ చదివే తమ్ముళ్లు, చెల్లెళ్ల కోసం. పక్కన అమ్మానాన్న ఉంటే వాళ్లని కూడా కూర్చోబెట్టండి, ఎందుకంటే డబ్బు పెట్టేది వాళ్లే కదా.

అమలాపురం, రాజోలు, కొత్తపేట వైపు నుంచి నాకు ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. "అన్నా, ఎంపీసీ అయిపోతోంది, పైలట్ అవ్వాలని ఉంది. ఇంట్లో ముందు బీటెక్ చెయ్యమంటున్నారు. ఏం చెయ్యను?"

ముందు రూల్ చూద్దాం. మన దేశంలో కమర్షియల్ పైలట్ లైసెన్స్, అంటే సీపీఎల్‌కి డిగ్రీ అక్కర్లేదు. 18 ఏళ్లు నిండాలి, ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి, డీజీసీఏ పరీక్షలు పాస్ అవ్వాలి, 200 గంటలు విమానం నడపాలి. బైపీసీ వాళ్లు మ్యాథ్స్ ఒక్కటీ ఓపెన్ స్కూల్‌లో రాసుకోవచ్చు.

అమెరికా వీడియోలు చూసి కంగారు పడకండి. అక్కడ ఎయిర్‌లైన్‌లో చేరాలంటే మామూలుగా 1500 గంటలు కావాలి, ఏవియేషన్ డిగ్రీ ఉంటే 1000 చాలు. అంటే అక్కడ డిగ్రీకి వేరే విలువ ఉంది. అయినా డెల్టా లాంటి పెద్ద కంపెనీయే 2022 జనవరిలో డిగ్రీ తప్పనిసరి అన్న రూల్ తీసేసింది.

మరి డిగ్రీ ఎందుకు? ఉద్యోగం లేని రోజు కోసం అండి. జెట్ ఎయిర్‌వేస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. గో ఫస్ట్ 2023 మేలో ఆగిపోయింది. మధ్యలో కరోనా. పైగా మెడికల్ మళ్లీ మళ్లీ రెన్యూ చేయించుకోవాలి, ఒక్కసారి ఫెయిలైతే విమానం ఎక్కనివ్వరు. అప్పుడు చేతిలో సీపీఎల్ ఒక్కటే ఉంటే గ్రూప్స్ రాయలేరు, బ్యాంకు పరీక్ష రాయలేరు.

అలాగని నాలుగేళ్లు బీటెక్‌కి ఇచ్చేస్తే ఇంకో నష్టం. ఎయిర్‌లైన్స్‌లో సీనియారిటీ చాలా ముఖ్యం. ముందు చేరినవాడు ముందు కెప్టెన్ అయ్యే అవకాశం ఎక్కువ. నేను బీటెక్ చేసి సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినోణ్ణి కాబట్టి చెప్తున్నా, ఇంజనీరింగ్ మీద ఇష్టం ఉంటే చెయ్యండి, "సేఫ్టీకి" అని మాత్రం చెయ్యకండి. సేఫ్టీకి దూరవిద్యలో బీఏ, బీకాం చాలు. ఇగ్నోలో మూడేళ్ల డిగ్రీని ఆరేళ్ల దాకా సాగదీసుకోవచ్చు. ఫ్లయింగ్ చేస్తూనే నెమ్మదిగా రాసుకోండి.

కానీ వీటన్నిటికన్నా ముందు చెయ్యాల్సింది మెడికల్. డీజీసీఏ గుర్తించిన డాక్టర్ దగ్గర క్లాస్ 2, తర్వాత క్లాస్ 1. కళ్లద్దాలు ఉన్నా చాలామందికి ఇబ్బంది లేదు. రంగులు సరిగ్గా కనిపించకపోతే మాత్రం కష్టం. ఆ సంగతి ఇప్పుడే తెలియాలి, 50 లక్షలు కట్టాక కాదు.

అవును, ఖర్చు అరకోటి దాటుతుంది. తర్వాత టైప్ రేటింగ్ వేరే. పెద్ద లోన్ అంటే బ్యాంకు ఆస్తి తనఖా అడుగుతుంది. మన దగ్గర ఆస్తంటే ఏంటి? కొబ్బరితోట. క్లాస్ 1 చేతికి రాకుండా తోట కాగితాలు బయటికి తియ్యొద్దు నాన్నగారూ! ఇది గట్టిగా చెప్తున్నా. ఉన్న ఒక్క తోటా పెట్టేసి, లైసెన్స్ వచ్చాక ఏడాది రెండేళ్లు ఉద్యోగం రాకపోతే వడ్డీ ఎవరు కడతారో కూడా ముందే లెక్క వేసుకోండి. ఆ లెక్క తేలకపోతే అప్పుడు డిగ్రీ, ఉద్యోగం, కొంత పొదుపు, ఆ తర్వాతే ఫ్లయింగ్. 25 ఏళ్లకి మొదలెట్టినా లేటేం కాదు, 65 దాకా నడపొచ్చు.

మీ ఇంట్లో ఏ లెక్క దగ్గర ఆగిపోయారో కామెంట్‌లో రాయండి, మాట్లాడుకుందాం. ఉంటానండి మరి.