బడికీ కర్మాగారానికీ మధ్య దారి వేయాలి

(చక్రాయపేటలో జరిగిన తల్లిదండ్రుల, యువకుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసి విరమణ పొందినవారము. గుమాస్తాకు ఉపన్యాసం రాదు. దరఖాస్తు ఏ బల్ల దగ్గర ఆగిందో చెప్పడం మాత్రం వస్తుంది. ఈ రోజు మన పిల్లల దరఖాస్తు ఎక్కడ ఆగిపోతున్నదో చెప్పదలచుకున్నాము.

మా వీధిలో ఒక యువకుడు ఉండేవాడు. పేరు చెప్పము. ఒక కర్మాగారంలో గుత్తేదారు కింద ఆరేళ్లు వెల్డింగు చేశాడు. అతడు వేసిన అతుకును ఇంజనీర్లు కూడా మెచ్చుకునేవారట. కువైట్ వెళ్లడానికి పరీక్ష పెడితే పనిలో నెగ్గాడు. ధ్రువపత్రం చూపమంటే చూపడానికి ఏమీ లేదు. చివరకు హెల్పరుగా వెళ్లాడు. అక్కడ చేస్తున్నది వెల్డరు పని, అందుతున్నది హెల్పరు జీతం. కడప జిల్లాలో గల్ఫ్‌కు మనిషిని పంపని వీధి తక్కువ. కనుక ఈ కథ మీ ఇంటికీ కొత్త కాదు.

మన ప్రాంతంలో పని నేర్పగల చోట్లు లేవా? ఎర్రగుంట్ల చుట్టూ, చిలమకూరులో, కమలాపురం మండలం నల్లలింగాయపల్లెలో, జమ్మలమడుగు వైపు సిమెంటు కర్మాగారాలు ఉన్నాయి. రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం 1994 నుంచి నడుస్తున్నది. వేముల మండలం తుమ్మలపల్లెలో యురేనియం గని, శుద్ధి కర్మాగారం ఉన్నాయి. నాపరాళ్ల పాలిష్ యంత్రాలు రోడ్డు పొడుగునా కనిపిస్తాయి. పెద్ద పట్టణాల్లో ఆర్టీసీ డిపోలు ఉన్నాయి. చదువుల సంగతి చూస్తే, పులివెందులకు 2006లో జె.ఎన్.టి.యు. ఇంజనీరింగు కళాశాల వచ్చింది, మన పొరుగున ఇడుపులపాయకు 2008లో ట్రిపుల్ ఐటీ వచ్చింది. సంతోషమే. అయితే ఎనిమిదితోనో పదితోనో చదువు ఆపేసిన పిల్లవాడికి ఆ గేట్లు తెరుచుకోవు. 2006 నవంబరులో పార్లమెంటు ముందుకు వచ్చిన సచార్ కమిటీ నివేదిక మన సమాజంలో ఎక్కువమంది ఏ పనుల్లో ఉన్నారో లెక్కలతో చూపింది. మరమ్మతు, కుట్టు, రవాణా, చిల్లర వ్యాపారం. చేతిపని మనకు పరాయిది కాదు. మన షెడ్లలో పిల్లలు పన్నెండేళ్లకే స్పానరు పట్టడం మనకు తెలుసు. అలా పట్టించడం తప్పు అని కూడా ఈ సభలోనే చెప్పుకోవాలి.

ఇక చట్టం సంగతి. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. 2019లో సవరించిన నిబంధనల ప్రకారం 30 మంది లేదా అంతకు మించి పనివారున్న సంస్థ అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. మొత్తం సిబ్బందిలో రెండున్నర శాతానికి తగ్గకూడదు, పదిహేను శాతానికి మించకూడదు. కాంట్రాక్టు సిబ్బందీ ఆ లెక్కలోకి వస్తారు. 400 మంది ఉన్న చోట కనీసం పదిమంది పిల్లలు పని నేర్చుకుంటూ ఉండాలన్నమాట. నాలుగు నుంచి 29 మంది వరకు ఉన్న చిన్న సంస్థకు ఇది ఐచ్ఛికం. నెల భృతి చదువును బట్టి ఉంటుంది. ఆ నిబంధనల్లో కనీస మొత్తం 5,000 నుంచి 9,000 రూపాయల వరకు పెట్టారు. అందులో కొంత భాగాన్ని కేంద్ర ప్రభుత్వం భరించే పథకం 2016లో మొదలైంది.

ఇన్ని ఉన్నా పిల్లలు ఎందుకు చేరడం లేదు? ఇక్కడ మా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. మేము ఉద్యోగంలో ఉండగా ఒకసారి అప్రెంటిస్ ఖాళీల ప్రకటన మా బల్ల మీదికి వచ్చింది. ఉన్నత పాఠశాలలకు పంపవలసిన కాగితం అది. ఆడిట్ రోజులు. దాన్ని ఒక దస్త్రంలో పెట్టి మరిచిపోయాము. బయటపడేసరికి గడువు దాటి పదకొండు రోజులైంది. ఎవరూ అడగలేదు, మాకు మెమో రాలేదు. అడిగేవాడు లేకపోవడమే అసలు జబ్బు అని అప్పుడు అర్థమైంది. బడికి కర్మాగారం అడ్రసు తెలియదు. కర్మాగారానికి బడి హెడ్మాస్టరు ఎవరో తెలియదు. మధ్యలో మావంటి గుమాస్తా ఒకడు.

జర్మనీలో 1969 నుంచి దీనికి చట్టం ఉన్నది. పిల్లవాడు వారంలో మూడు నాలుగు రోజులు కర్మాగారంలో, మిగిలిన ఒకటి రెండు రోజులు వృత్తి పాఠశాలలో ఉంటాడు. అలాంటి జంట శిక్షణను మన ఐటిఐలలోనూ 2016లో ప్రవేశపెట్టారు. కొత్త పథకం కోసం ధర్నా చేయనక్కరలేదు. ఉన్నదానిని చక్రాయపేట, వేంపల్లి, వేముల, పులివెందుల బడులకు చేర్చితే చాలు.

మొన్న ఒక తల్లి మమ్మల్ని నిలదీసింది. "సారూ, గుత్తేదారు దినానికి ఆరేడు వందలు ఇస్తాడు. మీరు చెప్పే కాయితంతో కడుపు నిండుతాదా?" ఆమె అడిగింది న్యాయం. ఇంట్లో అప్పుంటే ఏడాదిపాటు తక్కువ భృతితో బిడ్డను ఉంచడం మాటలు కాదు. అప్రెంటిస్ అయినంత మాత్రాన అదే సంస్థలో ఉద్యోగం ఇవ్వాలని కూడా చట్టం చెప్పదు. ఈ రెండూ దాచి మాట్లాడితే మోసం అవుతుంది. మేము ఆ తల్లికి చెప్పినది ఇది: అమ్మా, గుత్తేదారు కూలి ఇరవై ఏళ్ల వయసులోనూ అంతే, నలభైలోనూ అంతే. జాతీయ అప్రెంటిస్ ధ్రువపత్రం ఉన్నవాడు రైల్వేకు, ఆర్టీసీకి, గల్ఫ్‌కు దరఖాస్తు పెట్టుకోగలడు. ఆ ఒక్క ఏడాది ఇల్లు గడవడానికి జమాత్ వారు ఏమి చేయగలరో ఆలోచించవలసింది మీరు కాదు, మేము. జకాత్ సొమ్ము అర్హుల ఇంటికి వెళ్లేటప్పుడు ఈ అవసరాన్ని కూడా చూడమని కమిటీ పెద్దలను ఈ వేదిక మీద నుంచే అడుగుతున్నాము.

చిన్న షెడ్ల యజమానులకు ఒక మాట. ప్రొద్దుటూరులో, పులివెందులలో మన మెకానిక్ భాయీలు చాలామంది ఉన్నారు. ఒక్క షెడ్డులో అన్ని పనులూ ఉండవు. ఒకచోట ఇంజను, ఒకచోట బాడీ, మరొకచోట కరెంటు పని. కొందరు యజమానులు కలిసి ఒక అప్రెంటిస్‌కు శిక్షణ ఇవ్వడానికి చట్టం ఒప్పుకుంటుంది. ఈ ఏర్పాటును వాడుకుంటే షెడ్డు కుర్రవాడు కూడా లెక్కలోకి వస్తాడు. ఇదివరకే పని వచ్చినవారికి, పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే పద్ధతి కేంద్ర నైపుణ్య పథకంలో ఉన్నది. ఆ కువైట్ కుర్రవాడు వెళ్లేముందే మాకు ఈ సంగతి తట్టి ఉంటే బాగుండేది.

ఆడపిల్లలను మరవలేదు. ఐటిఐ అనగానే కుట్టు మిషను ఒక్కటే అనుకోవద్దు. కంప్యూటరు ఆపరేటరు, ఎలక్ట్రానిక్స్ శాఖలు కూడా ఉన్నాయి. అడ్డు వస్తున్నది బస్సు వేళలు, హాస్టలు. ఆ అర్జీ విడిగా రాశాము, బయట బల్ల మీద ఉన్నది, సంతకాలు చేయండి.

అన్నిటికంటె పెద్ద చిక్కు మన పేర్లు. పదో తరగతి పత్రంలో 'షేక్ మహబూబ్ బాషా', ఆధార్‌లో 'ఎస్. మహబూబ్ బాష', బ్యాంకులో 'మహబూబ్ బాషా షేక్'. మనకు ముగ్గురూ ఒక్కడే, కంప్యూటరుకు ముగ్గురు. భృతి ఆగేది ఇక్కడే. ఆర్టీసీ అప్రెంటిస్‌కు మన జిల్లావారి పత్రాలు కర్నూలులో చూస్తారు. అంత దూరం వెళ్లి ఒక్క అక్షరం తేడాతో తిరిగిరావడం బాధాకరం. 2007 చట్టం ఇచ్చిన నాలుగు శాతం బి.సి.-ఇ రిజర్వేషను సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వు నీడలో నడుస్తున్నది. ఆ కొద్దిపాటి అవకాశాన్ని కూడా కుల ధ్రువపత్రం ఆలస్యమై పోగొట్టుకుంటున్నాము. దూదేకుల సోదరులు బి.సి.-బి కిందికి వస్తారు, పొరపాటున ఇ అని రాయకండి.

హెడ్మాస్టరు గార్లకు మా విన్నపం ఒక్కటే. ఏడాదికి ఒక రోజు తొమ్మిది, పది తరగతుల పిల్లలను ఒక కర్మాగారం లేదా డిపో లోపలికి తీసుకువెళ్లండి. బస్సు ఖర్చు మేము చూసుకుంటాము. అనుమతి లేఖలు మేమే రాస్తాము, అది మా పాత విద్య. సంస్థల అధికారులను బడికి పిలిచి, ఈ ఏడాది ఎంతమందిని, ఏ శాఖలో తీసుకుంటారో చెప్పమని అడుగుదాము. రాసి ఇవ్వమని అడుగుదాము.

వచ్చే శుక్రవారం జుమా నమాజు తరువాత మసీదు పక్క గదిలో కూర్చుంటాము. పది లేదా ఎనిమిది మార్కుల పత్రం, ఆధార్, బ్యాంకు పుస్తకం, కుల ధ్రువపత్రం తీసుకురండి. ఏ మతంవారి పిల్లలైనా రావచ్చు. పేరులో తేడా ఉన్నవారు ముందు వరుసలో కూర్చోండి, ఆ పనికి ఎక్కువ సమయం పడుతుంది.