సంఘ భవనానికి పలుచని పొర సౌర ఫలకాలు: పెట్టుబడికి ముందు చూడవలసినవి

(పాల సంఘాల పాలకవర్గ సభ్యుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



పాలను 4 డిగ్రీలకు చల్లబరచడానికి బల్క్ కూలరు ఎంత కరెంటు తాగుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. అందుకే సౌర ఫలకాల మీద మన సంఘాల దృష్టి పడింది. మన భవనాలలో చాలా వాటికి సిమెంటు రేకుల కప్పు. ఆ కప్పు గాజు ఫలకాల బరువు మోయదని, పలుచని పొర ఫలకాలు తేలికగా ఉంటాయని అమ్మేవారు వచ్చి చెబుతున్నారు. అది ఎంతవరకు నిజమో విచారిద్దాం.

మామూలు ఫలకంలోని సిలికాన్ బిళ్ళ మందం మిల్లీమీటరులో సుమారు ఆరో వంతు. పలుచని పొర రకంలో కరెంటు పుట్టించే పదార్థం కొన్ని మైక్రాన్లు మాత్రమే. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ పదార్థం కాడ్మియం టెల్యూరైడ్ కావచ్చు. రాగి, ఇండియం, గాలియం, సెలీనియం కలిసిన మిశ్రమం కావచ్చు. పొర పలుచనైనంత మాత్రాన ఫలకం తేలిక కాదు. కాడ్మియం రకాన్ని సాధారణంగా రెండు గాజు పలకల మధ్య పెడతారు, అది బరువే. వంగే షీటుగా వచ్చే రకం మాత్రమే నిజంగా తేలిక. దానిని అంటించడానికి నునుపైన లోహపు రేకు వంటి ఆధారం కావాలి. పాత సిమెంటు రేకులకు రంధ్రాలు వేస్తే ఆస్బెస్టాస్ ధూళి లేస్తుంది. అది ఊపిరితిత్తులకు హాని.

ఇప్పుడు ఒక అనుభవం చెబుతాను. అమెరికాలోని కాలిఫోర్నియాలో 2005లో సోలిండ్రా అనే కంపెనీ వెలిసింది. భవనాల చదును కప్పుల కోసం గొట్టాల ఆకారంలో పలుచని పొర ఫలకాలు తయారు చేసింది. గొట్టాల మధ్యనుంచి గాలి పోతుంది కనుక బరువులు పెట్టి బిగించనక్కరలేదు. ఆలోచన మంచిదే. 2009లో ప్రభుత్వం 53.5 కోట్ల డాలర్ల రుణానికి హామీ నిలిచింది. 2011 సెప్టెంబరులో కంపెనీ దివాలా తీసింది.

కారణం ఏమిటి? 2008లో కిలో 400 డాలర్లు దాటిన శుద్ధ సిలికాన్ ధర 2011 చివరికి అందులో పదో వంతు కన్నా దిగువకు పడిపోయింది. మామూలు ఫలకాలు చౌక అయ్యాయి. ఖరీదైన గొట్టాలను కొనేవారు కరువయ్యారు.

అలాగని పలుచని పొర విద్య వ్యర్థం కాదు. కాడ్మియం టెల్యూరైడ్ ఫలకాలు చేసే ఫస్ట్ సోలార్ కంపెనీ నిలిచింది. 2024 జనవరిలో మన పొరుగున తమిళనాడులో కర్మాగారం కూడా ప్రారంభించింది. తయారీ ఖర్చు తగ్గించుకున్నవారే నిలిచారు.

ఇక మన లెక్క. ఒక కిలోవాటుకు రోజుకు సుమారు 4 యూనిట్లు వస్తాయి. 5 కిలోవాట్లకు ఏడాదికి 7,300 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే 58,400 రూపాయలు. ఖర్చు 3 లక్షలైతే అయిదేళ్ళు దాటి సొమ్ము తిరిగివస్తుంది. 6 లక్షలైతే పదేళ్ళు దాటుతుంది. అంతకాలం కంపెనీయే లేకపోతే హామీ పత్రం వట్టి కాగితం.

మరొక సంగతి. మన పాలు వచ్చేది ఉదయం, సాయంత్రం. ఎండ కాసేది మధ్యాహ్నం. కనుక మిగిలిన కరెంటును బిల్లులో ఏ విధంగా జమ కడతారో విద్యుత్ సంస్థవారిని ముందే అడగాలి.

కాబట్టి నా మనవి:

1. ముందు ఇంజనీరు చేత కప్పు పరీక్ష చేయించండి. అవసరమైతే ఫలకాలను ఆవరణలో ఇనుప స్తంభాలపై నిలపండి.
2. మామూలు ఫలకానికీ, పలుచని పొరకూ, రెండింటికీ ధరల పట్టీలు తెప్పించండి. ఏడాదికి వచ్చే యూనిట్లతో పోల్చండి.
3. పగిలిన కాడ్మియం ఫలకాలను తిరిగి తీసుకునే షరతు రాయించండి. ముక్కలను పశువులు మేసే చోట పడవేయవద్దు.
4. సర్వసభ్య సమావేశంలో లెక్క చదివి, తీర్మానం చేసిన తరువాతే సొమ్ము చెల్లించండి.

గేదెను కొనేటప్పుడు రెండు పూటలా పితికించి చూడనిదే మనం బయానా ఇవ్వం. రిజర్వు నిధిలో ఉన్నది ప్రతి సభ్యురాలు, సభ్యుడు చెంబుతో పోసిన పాల డబ్బు. దానికీ అంత జాగ్రత్త తగును.