బుట్టలు ఇస్తే చాలదు, దారులు కూడా వేరు కావాలి

జై తెలంగాణ.

మన సభల్లో నీళ్లు, నిధులు, నియామకాల గురించి ఎన్నోసార్లు మాట్లాడుకున్నాం. ఈరోజు నేను చెత్త గురించి మాట్లాడతాను. ఇదేం టాపిక్ అని కొందరు నవ్వుకోవచ్చు. కానీ జవహర్‌నగర్ డంపింగ్ యార్డు చుట్టూ బతికేవాళ్లకు ఇది నవ్వులాట కాదు. హైదరాబాద్ పారేసిందంతా ఏళ్ల తరబడి అక్కడే గుట్టలుగా పడింది. అందులోంచి కారిన నల్లటి మురుగు పక్కనున్న మల్కారం చెరువును పాడుచేసింది. ఒకరి సుఖానికి ఇంకొకరు నష్టపోవద్దనే కదా మనం కొట్లాడింది? ఆ న్యాయం మన రాజధానికీ, దాని పక్క ఊళ్లకూ వర్తించాలి.

సమస్య ఎక్కడుంది? మన ఇళ్ల చెత్తలో ఎక్కువ భాగం కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, కూరలే. విడిగా ఉంటే అది ఎరువు, గ్యాస్. కాగితం, ప్లాస్టిక్, సీసాలు విడిగా ఉంటే కబాడీ దుకాణానికి సరుకు. కలిపితే రెండూ పాడే. పప్పు అంటిన కాగితం ఎవరూ కొనరు. ప్లాస్టిక్ ముక్కలున్న ఎరువును ఏ రైతూ పొలంలో చల్లడు.

జీహెచ్ఎంసీకి ఈ సంగతి తెలుసు. 2015లో ఇంటికి రెండు బుట్టలు పంచింది, తడికి పచ్చది, పొడికి నీలం. స్వచ్ఛ ఆటోలూ తెచ్చింది. కానీ చాలాచోట్ల రెండు బుట్టల చెత్తా ఆటోలో ఒక్కటైపోయింది. అది చూసిన ఇల్లాలు రేపటి నుంచి ఎందుకు వేరు చేస్తుంది?

మనం ఉంటున్న ఈ బే ఏరియాలోనే శాన్‌ఫ్రాన్సిస్కోను చూడండి. తడి చెత్తను, రీసైకిల్ అయ్యేవాటిని వేరు చేయడం 2009లో చట్టంతో తప్పనిసరి చేశారు. పచ్చ, నీలం, నల్ల డబ్బాల్లోనివి చివరిదాకా కలవవు. పచ్చ డబ్బాలోది ఎరువై పొలాలకు, ద్రాక్షతోటలకు పోతుంది. డంపుకు పోయే నల్ల డబ్బా చిన్నదైతే బిల్లు తగ్గుతుంది. అలాగని అంతా సాధించేశారని కాదు. 2020 నాటికి డంపుకు ఏమీ పంపకూడదన్న లక్ష్యాన్ని ఆ నగరం అందుకోలేకపోయింది. రీసైక్లింగ్ ఎంత పెంచినా, వాడి పారేసే వస్తువులు తగ్గకపోతే చెత్త తీరదని దాని అర్థం.

మన దగ్గర కాదంటారా? 2000 తర్వాతి తొలి ఏళ్లలోనే సూర్యాపేట మున్సిపాలిటీ ఇంటింటికీ తిరిగి తడి, పొడి వేరుగా సేకరించింది. తడితో వానపాముల ఎరువు చేసింది, పొడిని అమ్మింది. వీధి చెత్తకుండీలు లేని ఊరుగా దేశమంతా పేరు తెచ్చుకుంది. ఇవాళ బోయిన్‌పల్లి మార్కెట్‌లో రోజుకు దాదాపు 10 టన్నుల కూరగాయల వ్యర్థాలతో సుమారు 500 యూనిట్ల కరెంటు తీస్తున్నారు. అక్కడి చెత్త మొదటి నుంచీ కలవలేదు కాబట్టే అది సాధ్యమైంది.

జవహర్‌నగర్‌లో చెత్తతో కరెంటు తీసే ప్లాంటు ఉంది కదా అని అడగొచ్చు. తడి చెత్త మండాలంటే ముందు దానిలోని నీరు ఆవిరి కావాలి. తడిని తీసేస్తే ఆ ప్లాంటుకూ మేలే.

కాబట్టి నగరపాలక సంస్థ చేయాల్సినవి మూడు. ఒకటి, ఆటోలోనూ, లారీలోనూ, యార్డులోనూ తడి, పొడి కలవకుండా చూడాలి. రెండు, వేరు చేసినా చేయకపోయినా ఒకటే రుసుము అనే పద్ధతి పోవాలి, వేరు చేసి ఇచ్చే ఇంటికి తగ్గించాలి. మూడు, రోజుకు 100 కిలోలు దాటి చెత్త చేసే ఫంక్షన్ హాళ్లు, హోటళ్లు, పెద్ద అపార్ట్‌మెంట్లపై గట్టిగా ఉండాలి. తడి చెత్తను వీలైనంత వరకు తమ ఆవరణలోనే ఎరువుగానో గ్యాస్‌గానో మార్చాలని 2016 నాటి కేంద్ర నిబంధనలే చెప్పాయి. ఈ పనులన్నింటిలో చిత్తు కాగితాలు ఏరుకుని బతికేవాళ్లకు గుర్తింపు కార్డు, గ్లవ్స్, కూలీ ఇచ్చి చోటు కల్పించాలి. ఇన్నాళ్లూ మన రీసైక్లింగ్ నడిపింది వాళ్లే.

ఇక మన వంతు. ఇక్కడున్న చాలామందికి హైదరాబాద్‌లో ఫ్లాట్లున్నాయి. అసోసియేషన్ వాట్సాప్ గ్రూపుల్లో పార్కింగ్ గురించి రాత్రంతా వాదిస్తాం. ఈ వారం అదే గ్రూపులో ఒక్క ప్రశ్న అడగండి: మన తడి చెత్త గేటు దాటి ఎక్కడికి పోతోంది? జవాబు జవహర్‌నగర్ అయితే, ఆవరణలో ఎరువు గుంతకు మొదటి నెల ఖర్చు నేనిస్తానని మీరే ముందుకు రండి.

జై తెలంగాణ.