ముందు నీళ్లకు, తర్వాతే దీపాలకు

 

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖపట్నం దగ్గర తీరం దాటింది. గంటకు 170 కిలోమీటర్లు దాటిన గాలికి కరెంటు స్తంభాలు వరసగా ఒరిగాయి. ఇతర జిల్లాల సిబ్బందితో పాటు అనంతపురం నుంచి లైన్‌మన్‌గా నేనూ వెళ్లాను.

పక్కనే సముద్రం, వీధుల్లో వాన నీళ్లు. తాగడానికి మాత్రం బిందెల బారు. కరెంటు లేక మోటార్లు తిరగడం లేదు. కరువు సీమవాణ్ణి, ఆ బారు నాకు కొత్త కాదు.

ఆస్పత్రి, నీళ్ల పంపుహౌసు ముందు, ఇళ్లు తర్వాత. మా వీధికి ముందివ్వండని అడిగినవాళ్లకు అదే చెప్పాం. విన్నారు. తాళ్లు పట్టి స్తంభాలూ లేపారు.

అయ్యవార్లూ, పిల్లలకు ఓమ్ నియమంతో పాటు ఈ వరసా చెప్పండి. ఎవరికి ముందో తెలిస్తేనే మన చదువు ఊరికి పనికొస్తుంది. సెలవు.