ధారణ వేరు, బుద్ధి వేరు



అవధానమనగానే మన ఎర్రగుంట్ల ప్రాంతీయులకు ప్రొద్దుటూరు స్ఫురిస్తుంది. గడియారం వేంకటశేషశాస్త్రి, దుర్భాక రాజశేఖర శతావధాని గారలు జంటకవులై అవధానాలు చేసిన నేల ఇది. అనంతరం సి.వి. సుబ్బన్న శతావధాని గారు ఆ విద్యకు వన్నె తెచ్చారు.

అష్టావధానంలో పృచ్ఛకులు ఎనిమిదిమంది. ఒకరిది సమస్య, మరొకరిది దత్తపది, వేరొకరిది నిషేధాక్షరి. అవధాని ఒక్కొక్క ఆవృత్తిలో ఒక్కొక్కరికి ఒక్క పాదమే చెబుతాడు. నడుమ గంటలు లెక్కించాలి, అప్రస్తుత ప్రసంగికి చమత్కారంగా బదులివ్వాలి. తుదకు పద్యాలన్నింటినీ ధారణ చేసి అప్పగించాలి.

బాల్యంలో వల్లెవేసిన అమరకోశం పెట్టెలో దాచిన సొమ్ము. అవధాని ధారణ చేతిలో పట్టుకొని లెక్కించే సొమ్ము. దీనినే ఆధునికులు వర్కింగ్ మెమరీ అంటున్నారు. చేతిలో పట్టేది స్వల్పమే. ఏకకాలంలో మనస్సు నిలుపుకోగలిగేవి సుమారు ఏడని 1956లో అమెరికా శాస్త్రజ్ఞుడు జార్జ్ మిల్లర్ వ్రాశాడు. తరువాతివారు ఆ సంఖ్యను ఇంకా తగ్గించారు. మరి అవధానికి ఎలా సాధ్యం? ఉత్పలమాల పాదంలో ఇరవై అక్షరాలు ఏడు గణాలలో ఒదుగుతాయి. యతిప్రాసలు వాటిని బంధిస్తాయి, అర్థం నడిపిస్తుంది. అంటే చేయి పెద్దది కాలేదు, మూట కట్టే నేర్పు అలవడింది.

ధారణ అధికంగా గలవారు తర్కపరీక్షలలోనూ రాణిస్తారని పరిశోధకులు చెబుతారు. అవి చెలిమి గలవే కాని ఒకటి కావు. నాకీ భేదం ఆలస్యంగా తెలిసింది.

పూర్వం నా వద్ద వ్యాకరణం చదివిన బాలుడొకడు సూత్రం, వృత్తి, ఉదాహరణ వరుసగా చెబితే మొదటిది మరచేవాడు. పదిమందిలో వానిని మందబుద్ధి అన్నాను. వారం దినాలు పాఠానికి రాలేదు. తిరిగి వచ్చినప్పుడు చేత పలక ఉంది. నేను చెప్పినది అంచెలంచెలుగా వ్రాసుకొని, రెండు సూత్రాలు ఒకేచోట ప్రాప్తించినప్పుడు ఏది ముందని అడిగాడు. ఆ ప్రశ్నకు ఆ రాత్రి గ్రంథం తిరగవేసి గాని బదులు చెప్పలేకపోయాను. మన్నింపు మాత్రం కోరలేదు.

నేడు సంకల్పంలో నలుగురి గోత్రనామాలు వింటే రెండు జారిపోతున్నాయి. కాగితంమీద వ్రాసుకొని చదువుతున్నాను. నన్నెవరూ మందబుద్ధి అనడం లేదు. తల్లిదండ్రులారా, మీ బిడ్డకు ఒకేసారి మూడు మాటలు చెప్పి, ఒకటి మరచినంత మాత్రాన నిందించకండి. ముందు పలక ఇవ్వండి. ఆనాడు వానికి ఆ పలక నేనే ఇచ్చి ఉండవలసింది.

స్వస్తి.