పరాయి పేరు టికెట్టుతో రైలెక్కవద్దు

(భీవండిలో మరమగ్గాల కార్మికుల సభలో చేసిన ప్రసంగం)



దసరాకు ఇంకా మూడు నెలలుండగానే టికెట్ల మాట ఎందుకని కొందరు నవ్వుతున్నారు. కిందటేడు జరిగింది చెబితే నవ్వరు.

మన సాంచాల కార్మికుడొకాయన, పేరు చెప్పను, భార్యాపిల్లలతో కామారెడ్డి పోవాలని కల్యాణ్‌లో రైలెక్కాడు. టికెట్లు చాయ్ హోటలు దగ్గర దళారి ఇచ్చినవి. రెట్టింపు ధర. "అనుమానముంటే 139కి ఫోన్ చేసి చూసుకో" అన్నాడు దళారి. ఈయన చేశాడు. పి.ఎన్.ఆర్. నెంబరు నిజమైనదే, నాలుగు బెర్తులూ ఖాయమే. అయితే బెర్తు ఖాయమైందని అక్కడ చెబుతారు గాని, ఎవరి పేరున ఖాయమైందో చెప్పరు. మోసమంతా అక్కడే ఉంది. టి.సి. ఆధార్ కార్డు అడిగేసరికి ఒక్క పేరూ కలవలేదు. మళ్లీ ఛార్జీ, దానిపైన అదనపు రుసుము కట్టి, పిల్లలను ఒళ్లో పెట్టుకుని జనరల్ పెట్టెలో పోయారు. పండుగకు దాచుకున్న డబ్బు దారిలోనే అయిపోయింది.

"నేను మోసపోయాను గదా, నాకెందుకు జరిమానా?" అని ఆయన నన్ను అడిగాడు. న్యాయమైన ప్రశ్నే. కాని 1989 రైల్వే చట్టం 142వ సెక్షన్ అమ్మినవాడినే కాదు, కొన్నవాడినీ నేరస్థుడిగానే చూస్తుంది. మూడు నెలల వరకు జైలు, 500 రూపాయల వరకు జరిమానా అని అందులో రాశారు. టికెట్టు పోతుంది, టికెట్టు లేని ప్రయాణికుడి కిందే లెక్క. కనుక రైలు టికెట్టును పరాయివాడి దగ్గర జాగ్రత్తగా కొనే పద్ధతంటూ ఏదీ లేదు.

మరి ప్రయాణం మానుకున్నవాడి టికెట్టు ఏం కావాలి? ఖాయమైన టికెట్టును తల్లిదండ్రులు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, కొడుకు, కూతురు, భార్య లేదా భర్త పేరుకు ఒక్కసారి మార్చుకోవచ్చు. బండి బయలుదేరడానికి 24 గంటల ముందే రిజర్వేషన్ ఆఫీసులో అర్జీ పెట్టాలి. గుర్తింపు కార్డు, బంధుత్వం చూపే కాగితం కావాలి. బావమరిది ఆ జాబితాలో లేడు! పక్క సాంచా మీది స్నేహితుడు మనకు అన్నతో సమానమే గాని, రైల్వేవారి లెక్కలో అన్న కాడు. అలాంటప్పుడు రద్దు చేసుకుని వచ్చినంత తీసుకోవడమే మేలు.

సెల్‌ఫోన్ తెలిసిన మన కుర్రాళ్లకు ఒక మాట. మీ ఖాతాలో తోటివారికి టికెట్టు తీసివ్వండి, సంతోషం. దానిమీద కమీషన్ తీసుకుంటే మాత్రం అది వ్యాపారం. 143వ సెక్షన్ ప్రకారం మూడేళ్ల వరకు జైలు, పదివేల వరకు జరిమానా. ఇంటర్నెట్ టికెట్లకు కూడా ఇది వర్తిస్తుందని సుప్రీంకోర్టు 2025 జనవరిలో తీర్పు చెప్పింది. యాభై రూపాయల కోసం ఇరుక్కోకండి.

ప్రైవేటు బస్సుల సంగతి వేరు. కొన్ని ట్రావెల్స్ పేరు మారుస్తాయి, కొన్ని మార్చవు. అమ్మేవాడిని వెంటబెట్టుకుని ఆ ఆఫీసుకే పోయి, మీ పేరు రాయించుకున్నాకే డబ్బివ్వండి. టికెట్టు మీదున్న ఫోన్ నెంబరును నమ్మకండి, దాన్నీ వాడే అచ్చు వేసి ఉండవచ్చు. ఇక గోవా యాత్ర కూపన్ తగిలిందని, ముందు కొంత ఫీజు కట్టమని వచ్చే ఫోన్లుంటాయి. బహుమతికి ఫీజేమిటి? ఫోన్ ద్వారా డబ్బు పంపి మోసపోతే తెల్లారేదాకా ఆగకుండా 1930కి ఫోన్ చేయండి.

అసలు మనం దళారి దగ్గరికి ఎందుకు పోతున్నాం? సేఠ్ సెలవు సంగతి పండుగకు పది రోజుల ముందు తేలుస్తాడు కనుక. రైల్వే టికెట్లు 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందు ఇస్తున్నారు. పది రోజుల ముందు పోతే దేవగిరి ఎక్స్‌ప్రెస్‌లో మనకేం మిగులుతుంది? అందుకే పండుగ సెలవు తేదీలు 70 రోజుల ముందు కార్ఖానా గోడమీద అంటించాలని అడుగుతున్నాం. సేఠ్‌కు దీనివల్ల ఒక్క పైసా ఖర్చు లేదు. విజ్ఞాపన పత్రం ఈ బల్లమీదే ఉంది. సంతకం పెట్టేవారు కార్ఖానా పేరు, గల్లీ పేరు కూడా రాయండి. రాత్రిపాళీ వారి సంతకాలకు రేపు పొద్దున మేమే గేటు దగ్గరికి వస్తాం.