కారు తివాచీపై ఒలికిన పాలు

ఇంటిలో పాలు ఒలికినచో గచ్చు తుడిచి మరచిపోవుదుము. కారులో ఒలికిన పాలను మరచిపోవుటకు వీలు లేదు. రెండు మూడు దినములలో అవియే తమ ఉనికిని తెలియజేయును.

కారులోని తివాచీ పైకి కనబడు నూలు మాత్రమే కాదు. దాని క్రింద దళసరి ఫెల్టు గాని స్పంజివంటి మెత్త గాని ఉండును. దానికిని దిగువ ఇనుపరేకు. పాలు చూచుచుండగనే ఆ మెత్తలోనికి దిగిపోవును. పైన తుడిచినవారికి పని ముగిసినట్లే తోచును. తలుపులు మూసిన కారులోని వెచ్చదనమునకు సూక్ష్మజీవులు పెరిగి పాలచక్కెరను లాక్టిక్ ఆమ్లముగా మార్చును. వెన్న విరిగి బ్యుటిరిక్ ఆమ్లము విడివడును. ముక్కిన వెన్న వాసన దానిదే. దానిపై అత్తరు చల్లుటవలన రెండు వాసనలు కలిగిన కారు లభించునే గాని వేరు ప్రయోజనము లేదు.

ఒలికిన వెంటనే పొడిగుడ్డతో అద్దవలెను, రుద్దరాదు. రుద్దినకొలది మరక వెడల్పగును, లోతునకు దిగును. వేడినీరు పోయరాదు. పాలలోని మాంసకృత్తులలో కొన్ని వేడికి గట్టిపడి నూలును పట్టుకొనును. గ్రుడ్డు, నెత్తురు విషయములోను ఇంతే. చన్నీటితో కొద్దికొద్దిగా తడుపుచు, అద్దుచు పోవలెను. ఇప్పుడు అంగళ్లలో ఎంజైములు గల ద్రవములు దొరకుచున్నవి. అవి మాంసకృత్తులను, క్రొవ్వును విడగొట్టును. అయితే వానికి వ్యవధి కావలెను. పోసిన వెంటనే తుడిచివేసినచో డబ్బు దండుగ. ముందుగా మరుగున నున్న మూల రంగు పోవునేమో చూచుకొనుట మంచిది.

ఆరిన పిమ్మట వంటసోడా చల్లి రాత్రి అంతయు ఉంచి, మరునాడు వాక్యూమ్ యంత్రముతో లాగివేయవలెను. సోడా క్షారము, పులిసిన ఆమ్లములను అణచును. కొందరు దానిలో వినిగర్ కలిపి పొంగించుచుందురు. ఒకదానినొకటి చంపుకొనిన పిమ్మట మిగులునది ఉప్పునీటివంటి ద్రవమే!

ఆవకాయ నూనె పడినచో మొక్కజొన్న పిండి చల్లి, నూనె పీల్చుకొనిన తరువాత ఎత్తివేసి, సబ్బునీటితో అద్దవలెను. పసుపు మరక సబ్బు తగులగనే ఎఱ్ఱబారును. భయపడనక్కరలేదు. పసుపులో సున్నము కలిపి పారాణి చేయు మన స్త్రీలకు ఇది తెలిసిన సంగతియే. మిగిలిన రంగును ఎండ క్రమముగా హరించును.

అన్నిటికంటె ముఖ్యము ఆరబెట్టుట. తివాచీ అంచు ఎత్తి, క్రింద కఱ్ఱముక్క పెట్టి, తలుపులు తెరచి, పంకా గాలి తగులనీయవలెను. లోపల తడి నిలిచినచో బూజు పట్టును. దాని గాలి ఉబ్బసము గలవారికి కీడు. క్రమముగా రేకు త్రుప్పుపట్టును. పెక్కు కార్లలో విద్యుత్తు తీగెలు తివాచీ క్రిందనే పోవును గనుక బకెట్లతో నీరు పోయుట అపాయకరము.

పెట్రోలు ఒలికినచో వాక్యూమ్ యంత్రము దగ్గరకు తేరాదు, నిప్పురవ్వ చాలును. తలుపులు తెరచి, కారును నిప్పునకు దూరముగా ఉంచవలెను. బ్లీచింగు ద్రవమును వినిగర్‌తో గాని, అమోనియాతో గాని కలుపరాదు, విషవాయువులు పుట్టును.

ఏమియు ఒలుకకయే ముందుసీటు దగ్గర తివాచీ తడిసి ముక్కవాసన కొట్టుచున్నచో, శీతల యంత్రపు నీరు బయటికి పోవు గొట్టము పూడుకొని యుండవచ్చును. ఆ గొట్టము బాగుపడనిదే ఎంత సోడా చల్లినను తివాచీ మరల తడియుచునే యుండును.